రాత్రి రెండింటికి పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి కేసు చెప్పడం ఎలా?

పెన్ను, కేస్ షీట్, ల్యాబ్ రిపోర్టు చేతిలో పెట్టుకోండి. పెన్ను బాల్ పెన్నే. జెల్ పెన్నుతో రాస్తే ఒక్క సెలైన్ చుక్కకు అంకె అలుక్కుపోతుంది. మానిటర్ల కూతకు దూరంగా కారిడార్‌లోకి రండి. స్పీకర్ పెట్టొద్దు. మీ పేరు, వార్డు, పేషెంట్ పేరు, వయసు చెప్పండి. బెడ్ నంబరొక్కటే చెప్పి ఊరుకోవద్దు, సాయంత్రమే పడకలు మార్చి ఉంటారు.

ఇక జబ్బు పేరు. అందరూ బోల్తా పడేది ఇక్కడే.

నేను డ్యూటీ డాక్టరుగా ఉన్న రోజుల్లో ఓ రాత్రి పొటాషియం 2.6 వచ్చింది. ఉండాల్సింది 3.5 నుంచి 5 మధ్య. సార్‌కి ఫోన్ చేసి, ‘హైపోకలీమియా సార్’ అన్నాను, అంటే పొటాషియం తగ్గిందని. నిద్రమత్తులో నేను ‘పో’ మింగేశాను, ఆయన ‘హైపర్’ అని విన్నారు, అంటే పెరిగిందని. ‘కాల్షియం గ్లూకోనేట్, ఇన్సులిన్ డెక్స్‌ట్రోస్ పెట్టు’ అన్నారు. అది పొటాషియం పెరిగినవాళ్లకు చేసే వైద్యం. ఇన్సులిన్ పొటాషియాన్ని కణాల్లోకి నెట్టి రక్తంలో ఇంకా తగ్గిస్తుంది, గుండె లయ తప్పుతుంది. నేను ‘ఓకే సార్’ అని ఫోన్ పెట్టేశాను కూడా. ఇన్సులిన్ సిరంజిలోకి తీస్తున్న సిస్టర్ ఆగి, ‘పొటాషియం ఎంతన్నారు డాక్టర్?’ అని అడిగింది. మళ్లీ ఫోన్ చేశాను. తిట్లు పడ్డాయి, పేషెంట్ బతికాడు.

అప్పటినుంచి నా పద్ధతి ఇదే: ముందు అంకె, తర్వాత తెలుగు, జబ్బు పేరు ఆఖరున. ‘పొటాషియం రెండు పాయింట్ ఆరు, తక్కువుంది సార్, హైపోకలీమియా.’ తెలుగులో చెబితే చదువు తక్కువనుకుంటారని జూనియర్లకు నామోషీ. మింగలేకపోతే డిస్ఫేజియా, మాట సరిగ్గా రాకపోతే డిస్ఫేసియా. మన నోట్లో రెండూ ‘డిస్ఫేజియా’ అయిపోతాయి. ‘మింగలేకపోతున్నాడు సార్’ అంటే పొరపడేవాడెవడూ లేడు. ఇలియం అయితే మరీ ఘోరం. పేగులో భాగానికీ అదే పలుకుబడి, తుంటి ఎముకకూ అదే. ఏదో మీరే చెప్పాలి.

మందుల పేర్లూ అంతే. అసిడిటీ మందు లోసెక్‌కూ, ఒంట్లో నీరు తీసే లాసిక్స్‌కూ పేరు కలిసిపోతోందని అమెరికాలో 1990లో లోసెక్ పేరునే ప్రైలోసెక్‌గా మార్చారు. మనం పేర్లు మార్చలేం కాబట్టి ఎందుకు వాడతారో కలిపి చెప్పండి: ‘బీపీకి హైడ్రలజీన్’, ‘దురదకి హైడ్రాక్సిజిన్’.

డోసు దగ్గర ఇంకో తంటా. ఇంగ్లీషులో ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో చెబుదామంటే ఇరవై, అరవై ఉన్నాయి. అందుకే ‘అరవై, ఆరు సున్నా’ అని విడదీసి చెప్పాలి. మిల్లీగ్రామా, మైక్రోగ్రామా అన్నది నమిలేయకండి, వెయ్యి రెట్ల తేడా.

ఇప్పుడు అవతలివాళ్లు చెప్పింది రాసుకుని, రాసుకున్నదే తిరిగి చదివి వినిపించాలి. గుర్తున్నది చెప్పడం కాదు, కాగితం మీదున్నది చదవడం. తప్పు విని ఉంటే రాతలోనూ అదే ఉంటుంది, అది ఆయన చెవిన పడితేనే దొరుకుతుంది. ‘ఓకే సార్’ తిరిగి చదివినట్టు కాదు. చదివాక ఆయన ‘అవును’ అనేదాకా ఫోన్ పెట్టొద్దు. ‘ఊఁ’ అంటే లెక్కలోకి రాదు. నిద్రలో మనిషి దేనికైనా ఊఁ కొడతాడు. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఇప్పుడు అవతలి పక్క ఉండేది నేనే, నేనూ విసుక్కుంటాను.

వాట్సాప్‌లో రిపోర్టు ఫొటో పంపితే సరిపోదా అంటారు. పంపండి, కానీ దానికిదీ దీనికదీ బదులు కాదు. సగం ఫొటోల్లో పేషెంట్ పేరు కత్తిరించి ఉంటుంది. ఇక యాస మార్చుకోవాలని క్లాసులకు వెళ్లేవాళ్లున్నారు. శుద్ధ దండగ. గుంటూరు యాసలో చెప్పినా ఆరు సున్నా అరవయ్యే.

ఫోన్ పెట్టగానే ఎవరు చెప్పారో, ఎన్నింటికి చెప్పారో కేస్ షీట్‌లో రాయండి. పొద్దున సార్ రౌండ్స్‌కి రాగానే దాని కింద సంతకం పెట్టించుకోండి, టీ ఆ తర్వాత.