ఉక్కు శిల్పాన్ని చూడటం – 4వ పాఠం: తలుపు ముందు పికాసో

కిందటి పాఠంలో అట్టముక్కను వంచి, ఏ ఆసరా లేకుండా నిలబెట్టాం. అది చేయనివాళ్ళు ముందు ఆ పని పూర్తిచేసి రండి. ఇవాళ ఆ అట్టబొమ్మ వెనక ఒక భవనం పెడుతున్నాం. పెద్ద ఉక్కు శిల్పాన్ని విడిగా ఫొటోలో చూస్తే ఏమీ తేలదు. వెనక ఏముంది, మధ్యలో ఎంత ఖాళీ ఉంది, పక్కన నిలబడ్డ మనిషి ఎంత కనిపిస్తున్నాడు అన్నవి తెలిస్తేనే అది అక్కడ కుదిరిందో లేదో చెప్పగలం.

మన ఉదాహరణ చికాగోలో డేలీ సెంటర్ అనే కోర్టుల భవనం ముందున్న, చిత్రకారుడు పికాసో రూపొందించిన శిల్పం. 1967 ఆగస్టు 15న ఆవిష్కరించారు. ఎత్తు 50 అడుగులు, బరువు 162 టన్నులు. పికాసో అమెరికాలో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఆయన చేసి ఇచ్చింది మూడున్నర అడుగుల నమూనా మాత్రమే. దాన్ని చూసుకుని పక్క రాష్ట్రం ఇండియానాలోని గేరీ ఊళ్ళో ఉక్కు పనివాళ్ళు అసలు శిల్పాన్ని కట్టారు. అదేమిటో ఆయన చెప్పలేదు. పక్షి అన్నవాళ్ళున్నారు, కుక్క అన్నవాళ్ళున్నారు, ఆడమనిషి తల అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ చర్చలోకి మనం వెళ్ళొద్దు. ఆ ప్రశ్న పట్టుకుంటే చూపు శిల్పం దగ్గరే ఆగిపోతుంది, వెనకున్న భవనం దాకా పోదు.

భవనం అంతకు రెండేళ్ళ ముందు, 1965లో పూర్తయింది. 31 అంతస్తులు, 648 అడుగులు. లోపల కోర్టు హాళ్ళు కావాలి కాబట్టి పొడవు వైపు స్తంభానికీ స్తంభానికీ మధ్య 87 అడుగుల దూరం వదిలారు. మామూలు ఆఫీసు భవనాల్లో ఇంత దూరం ఉండదు. అందుకే దాని ముఖం మీద గీతలు తక్కువ, ప్రతి గీతా బలంగా ఉంటుంది.

ఇప్పుడు పని. 648 అడుగులంటే సుమారు 198 మీటర్లు, 50 అడుగులంటే 15 మీటర్లు. నూటికి ఒకటి చొప్పున తగ్గిస్తే భవనం 198 సెంటీమీటర్లు, శిల్పం 15. మన ఇళ్ళలో గది తలుపు కాస్త అటూ ఇటూగా 2 మీటర్లే. వెడల్పు కూడా ఇంచుమించు సరిపోతుంది. కాబట్టి ఆ తలుపే మీ డేలీ సెంటర్.

తలుపుకు పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ షీట్లు అంటించండి. 6 సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డంగా స్కెచ్ పెన్నుతో గీతలు, నిలువుగా 26 సెంటీమీటర్ల దూరంలో నాలుగు మందపాటి గీతలు గీయండి. శిల్పానికి కూడా బ్రౌన్ షీటే అంటించిన అట్ట తీసుకోండి: ముందు ఒక నిలువు ముఖం, వెనక రెక్కల్లాంటి రెండు ముక్కలు, వాటిని కలుపుతూ అసలు శిల్పంలోని ఉక్కు కడ్డీలకు బదులు చీపురు పుల్లలు. అచ్చం పికాసోలా రానక్కర్లేదు, ఎత్తు మాత్రం 15 ఉండాలి. అగ్గిపుల్లను 1.7 సెంటీమీటర్లకు విరిస్తే మనిషి సిద్ధం.

ముందు శిల్పం లేకుండా అగ్గిపుల్లను ఒక్కదాన్నే తలుపు ముందు నిలబెట్టండి. ఫోన్‌ను తలకిందులు చేసి, కెమెరా నేలకు దగ్గరగా వచ్చేలా పెట్టి ఫొటో తీయండి. నిలబడి పైనుంచి తీస్తే ఈ పాఠం మొత్తం వృథా. తర్వాత శిల్పాన్ని పెట్టి ఇంకో ఫొటో తీయండి. మొదటి దాంట్లో మనిషికీ భవనానికీ మధ్య లంకె లేదు. రెండో దాంట్లో చూపు మనిషి నుంచి అతనికి తొమ్మిది రెట్లున్న శిల్పానికి, అక్కణ్ణుంచి దానికి పదమూడు రెట్లున్న భవనానికి ఎక్కుతుంది. శిల్పం మధ్యమెట్టుగా పనిచేస్తోంది. అనుమానముంటే 5 సెంటీమీటర్లది ఒకటి, 60ది ఒకటి కత్తిరించి చూడండి. చిన్నది మనిషి లెక్కలోకి, పెద్దది భవనం లెక్కలోకి పోతుంది.

ఇప్పుడు దూరం మార్చండి. తలుపుకు 10 సెంటీమీటర్ల దగ్గర చీపురు పుల్లలు వెనక గీతల్లో కలిసిపోతాయి. 60 దగ్గర పుల్లల సందుల్లోంచి గీతలు విడిగా కనిపిస్తాయి, శిల్పం లోపలికి భవనం వచ్చినట్టుంటుంది. నాకు అసలు శిల్పంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఆ కడ్డీల సందులే.

రెండిటికీ ఒకే కాగితం వాడమన్నదానికి కారణముంది. భవనానికీ శిల్పానికీ వాడింది ఒకే రకం ఉక్కు, కోర్‌టెన్. రాగి, క్రోమియం లాంటివి కొద్దిగా కలిపిన ఈ ఉక్కుకు పైన తుప్పు పడుతుంది కానీ ఆ పొర రాలిపోకుండా అంటుకుని లోపలి లోహాన్ని కాపాడుతుంది. పెయింట్ అక్కర్లేదు. అయితే తడిసి ఆరుతుండే చోటే ఆ పొర కుదురుకుంటుంది. విశాఖ బీచ్ పక్కన లాంటి ఉప్పుగాలిలో నిలవదు, అక్కడ ఎవరైనా ప్రతిపాదిస్తే ఒప్పుకోకండి.

ఒకే రకం ఉక్కు వాడితేనే పొత్తు కుదురుతుందని మాత్రం అనుకోవద్దు. డేలీ సెంటర్ పక్కనున్న డియర్‌బార్న్ వీధిలోనే కాస్త దక్షిణంగా నడిస్తే ఫెడరల్ సెంటర్ అనే ప్రభుత్వ భవనాల సముదాయం వస్తుంది. ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రోహె రూపొందించిన నల్లటి భవనాలు, అన్నీ తిన్నటి గీతలే. కింద పరిచిన గ్రానైట్ గీతలు కూడా ఆ లెక్క తప్పకుండా లాబీలోకి సాగిపోతాయి. వాటి మధ్య 1974లో శిల్పి కాల్డర్ ‘ఫ్లెమింగో’ అనే 53 అడుగుల ఎర్రటి ఉక్కు శిల్పాన్ని నిలబెట్టాడు. అన్నీ వంపులే, మనుషులు దాని కాళ్ళ మధ్య నుంచే నడుస్తారు. రంగూ ఎదురే, రూపమూ ఎదురే. ఎత్తు మాత్రం దాదాపు పికాసోదే. మధ్యమెట్టు మారలేదన్నమాట. చికాగోలో ఉన్న తెలుగువాళ్ళు ఒకే సాయంత్రం రెండూ చూసి రావచ్చు. మిగతావాళ్ళు తలుపు మీద నల్ల చార్టు అంటించి, ఎర్ర అట్టతో 16 సెంటీమీటర్ల కమాను చేసి ఫొటో తీయండి. ఇందాక పికాసో శిల్పంతో తీసిన ఫొటోతో పక్కపక్కన పెట్టి, ఏది మిమ్మల్ని లోపలికి పిలుస్తోందో రెండు వాక్యాల్లో రాసుకోండి.

వచ్చే పాఠానికి ఇంకో అట్టముక్క కావాలి: పొడవు 36.6, ఎత్తు 3.7 సెంటీమీటర్లు. 1981లో న్యూయార్క్‌లో పెట్టి 1989లో తీసేసిన శిల్పి రిచర్డ్ సెరా ఉక్కుగోడకు నూటికి ఒకటి చొప్పున తగ్గించిన కొలతలవి. ఈ అగ్గిపుల్ల మనిషిని పారేయకండి, ఆ గోడ వెనక నిలబెట్టాలి.