అజ్టెక్ నరబలి మీద సెమినార్ ఇవ్వాలా? ఇట్లా తయారవండి

కర్నూలులో డిగ్రీ హిస్టరీ పిల్లలకు ఈ టాపిక్ ఇస్తే చాలామంది గుండె కోసే బొమ్మ ఒకటి చూపించి, 1487లో అజ్టెక్‌ల రాజధాని టెనోచ్‌టిట్లాన్‌లో (ఇప్పటి మెక్సికో సిటీ ఉన్నచోటే) పెద్ద గుడి ప్రతిష్ఠకు 80,400 మందిని బలిచ్చారని చెప్పేసి కూర్చుంటారు. అట్లా చేయొద్దు. ఆ అంకె స్పెయిన్‌వాళ్లు వచ్చాక రాసిన పుస్తకాల్లోది, నాలుగు రోజుల పండుగలో అంతమందిని చంపడం జరిగే పని కాదంటారు చరిత్రకారులు. అలాగని బలి అంతా కట్టుకథ అనడానికీ లేదు. మెక్సికో సిటీలో 2015లో బయటపడిన పుర్రెల గోపురంలో 2020 నాటికి 600కు పైగా పుర్రెలు తేలాయి, వాటిలో ఆడవాళ్లవి, పిల్లలవి కూడా ఉన్నాయి. అంకె, తవ్వకం రెండూ పక్కపక్కన చెప్పండి.

తర్వాత రాజ్యం సంగతి. ఆయువుపట్టు ఇదే, తొందరపడొద్దు. 1428లో టెనోచ్‌టిట్లాన్, దాని పొరుగు నగరాలు టెక్స్‌కోకో, ట్లాకోపాన్ కూటమి కట్టాయి. ఓడిన ఊళ్లలో చాలాచోట్ల పాత రాజునే ఉంచి నూలు బట్టలు, మొక్కజొన్న, కోకో గింజలు, ఈకలు కప్పంగా రాబట్టుకున్నారు. ఊరూరా సైన్యం పెట్టకుండా అదంతా ఏటేటా ఎట్లా వచ్చింది? భయంతో. శత్రురాజులను కూడా పిలిపించి మరీ బలి చూపించేవాళ్లు.

సైనికుడి వైపు నుంచీ చెప్పండి. చంపినవాడికంటే ప్రాణాలతో పట్టుకొచ్చినవాడికే గౌరవం, నలుగురిని పట్టుకొస్తే పెద్ద హోదా. పట్టినవాడు బందీని కొడుకనేవాడు, బందీ అతన్ని తండ్రీ అనేవాడు, బలి తర్వాత బంధువులు ఆ మాంసం తిన్నా పట్టినవాడు మాత్రం ముట్టేవాడు కాదు. సహాగున్ అనే క్రైస్తవ సన్యాసి నహువా (అజ్టెక్‌ల జాతి) పెద్దలను అడిగి రాయించిన సంగతి ఇది, ఏ బొమ్మా దీనికి సాటిరాదు.

మనవైపు ఇట్లాంటివి లేవా అని ఎవరో ఒకరు అడుగుతారు. శ్రీశైలంలో 14వ శతాబ్దంలో అనవేమారెడ్డి కట్టించిన వీరశిరోమండపం గురించి చెప్పండి, కానీ అక్కడ భక్తుడు తన తల తానే ఇచ్చుకున్నాడు, అజ్టెక్‌ల దగ్గర పోయింది బందీ ప్రాణం. ఆ తేడా చెప్పలేకపోతే పోలిక జోలికే పోవద్దు.

చివర్లో బోర్డు మీద మ్యాప్ గీసి ట్లక్స్‌కాలాను చూపించండి. చుట్టూ కప్పం కట్టే ఊళ్లు, మధ్యలో లొంగని రాజ్యం, దానితో ఏళ్ల తరబడి బందీల కోసం సాగిన 'పూల యుద్ధాలు'. 1519లో స్పెయిన్ సేనాని కోర్టెస్ వస్తే ట్లక్స్‌కాలావాళ్లు మొదట తలపడి, తర్వాత చేతులు కలిపారు. 1521 ఆగస్టు 13న టెనోచ్‌టిట్లాన్ కూలినప్పుడు దాని మీదికి వెళ్లిన సైన్యంలో స్పెయిన్‌వాళ్లు కొద్దిమందే, మిగతావాళ్లంతా ట్లక్స్‌కాలా లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లే.