మెయిల్ మాటిమాటికీ చూడటం: సమస్య – పరిష్కారం

మెయిల్ పదేపదే తెరిచి చూసే అలవాటు తమకు నిగ్రహం లేకపోవడం వల్లే వచ్చిందని చాలామంది తమను తామే నిందించుకుంటారు. నిజానికి దీనికి కారణం అందరిలోనూ ఒకటే కాదు. అది ఏదో తేల్చుకోకుండా 'ఇక చూడను' అని ఒట్టు పెట్టుకుంటే, ఆ ఒట్టు ఎక్కువ కాలం నిలవదు. కాబట్టి కింది వాటిలో మీ ఇబ్బంది ఏదో ముందుగా గుర్తించండి.

సమస్య: ఫోన్ మోగిన ప్రతిసారీ చేతిలో పని ఆగిపోతోంది.

నోటిఫికేషన్లే దీనికి కారణం. ఆండ్రాయిడ్ ఫోన్‌లోని జీమెయిల్ సెట్టింగ్స్‌లో మీ ఖాతాను ఎంచుకుని నోటిఫికేషన్లను 'నన్'కు మార్చండి. ఆఫీసు కంప్యూటర్‌లో అవుట్‌లుక్ వాడేవారు శబ్దాన్ని ఆపి ఊరుకోకుండా, టాస్క్‌బార్ మీద కనిపించే కవరు గుర్తును కూడా తీసేయాలి. శబ్దం లేకపోయినా ఆ గుర్తు కంటబడితే చాలు, మనసు అటే పోతుంది.

సమస్య: ఏదీ మోగకపోయినా చెయ్యి దానంతటదే మెయిల్ మీదికి పోతోంది.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వచ్చే మెయిళ్లలో ఎక్కువ భాగం పనికిరానివే అయినా, ఎప్పుడో ఒకసారి ఎదురుచూస్తున్న ఇంటర్వ్యూ పిలుపో, పై అధికారి మెచ్చుకోలో కనిపిస్తుంది. ఫలితం ఎప్పుడు దక్కుతుందో తెలియనప్పుడే అలవాటు మరింత మొండిగా పాతుకుపోతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాలపై చేసిన ప్రయోగాల్లో తేలింది. అందువల్ల 'తక్కువగా చూస్తాను' అనే నిర్ణయం చాలదు, ఏ వేళకు చూడాలో ముందే ఖాయం చేసుకోవాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో 124 మంది ఒక వారం రోజుకు మూడుసార్లే మెయిల్ చూశారు, మరో వారం ఇష్టం వచ్చినన్నిసార్లు చూశారు. మూడుసార్లకు పరిమితమైన వారంలో వారికి ఒత్తిడి తక్కువగా ఉంది. మీరూ ఉదయం పని మొదలైన గంట తర్వాత, భోజనం తర్వాత, సాయంత్రం అని మూడు వేళలు పెట్టుకోవచ్చు.

చాలామంది ఓడిపోయేది మాత్రం వేరే చోట. పాత అటాచ్‌మెంట్ కోసమో, ఎప్పుడో వచ్చిన చిరునామా కోసమో ఇన్‌బాక్స్ తెరుస్తారు, పైన నల్లటి అక్షరాల్లో ఉన్న కొత్త మెయిళ్లు చూసి వచ్చిన పని మరిచిపోతారు. అవుట్‌లుక్‌లోని 'వర్క్ ఆఫ్‌లైన్' దీనికి మంచి ఉపాయం. అది నొక్కితే అప్పటికే దిగిన పాత మెయిళ్లు వెతుక్కోవచ్చు, జవాబులు రాసిపెట్టుకోవచ్చు, కొత్తవి మాత్రం లోపలికి రావు.

సమస్య: అర్జెంటు మెయిల్ తప్పిపోతుందేమోనన్న భయం.

అత్యవసరమైన కబురు ఏ దారిలో రావాలో ఎవరితోనూ మాట్లాడుకోకపోవడమే ఈ భయానికి మూలం. అత్యవసరమైతే ఫోన్ చేయమని మీ మేనేజరుకు, తోటివారికి స్పష్టంగా చెప్పండి. ఐఫోన్ మెయిల్ యాప్‌లోనైతే ముఖ్యమైన వారిని వీఐపీ జాబితాలో చేర్చి, వారికి మాత్రమే నోటిఫికేషన్ వచ్చేలా పెట్టుకోవచ్చు. హైదరాబాదులో ఉంటూ అమెరికా తూర్పు తీరంలోని క్లయింట్లతో పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. అక్కడ ఉదయం తొమ్మిదయ్యేసరికి మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30 అవుతుంది. వారు నిద్రలో ఉండే మధ్యాహ్నం వేళ వారి జవాబు కోసం ఇన్‌బాక్స్ తిరగేయడం వృథా కాబట్టి, చివరి వేళను దానికి తగ్గట్టు జరుపుకోండి. కస్టమర్ సపోర్ట్ వంటి ఉద్యోగాల్లో నిమిషాల్లో జవాబివ్వడమే పని కనుక, డ్యూటీ గంటల్లో వారికి ఈ పద్ధతి వర్తించదు.

సమస్య: చూసేది మూడుసార్లే అయినా, ప్రతిసారీ గంట పడుతోంది.

ప్రకటనల మెయిళ్లు పేరుకుపోవడమే ఇందుకు కారణం. మీకు తెలిసిన సంస్థల నుంచి వచ్చేవైతే పంపినవారి పేరు పక్కనున్న 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కండి. ముక్కూ మొహం తెలియని చోటి నుంచి వచ్చిన వాటిలోని లింకులను ముట్టుకోకుండా స్పామ్‌గా గుర్తించండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, కరెంటు బిల్లుల వంటివి ఆపకూడదు గనుక, జీమెయిల్ ఫిల్టర్‌తో అవి ఇన్‌బాక్సులోకి రాకుండా నేరుగా ఒక లేబుల్ కిందికి చేరేలా పెట్టుకుని, బిల్లులు కట్టే రోజున తెరవండి.