చేతులు తిమ్మిరి, మోకాలి నొప్పి, రాయి తగిలితే ఎగిరిపడే ఎంటీబీ: ముందు ఫోర్క్‌ని తిట్టకండి

ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే కొండదారుల సైకిల్) కొత్తలో నాకు అరగంట తొక్కేసరికి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కి బ్రేక్ పట్టుకున్నానో లేదో కూడా తెలిసేది కాదు. ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకుని దెబ్బల్ని మింగే సస్పెన్షన్ గొట్టాలు) గట్టిగా ఉందేమో అనుకుని గాలి తీసేశా, తగ్గలేదని ఇంకాస్త తీశా, చివరికి చిన్న గుంటలో దిగినా ఫోర్క్ టక్కుమని అడుక్కి కొట్టుకునేది కానీ తిమ్మిరి మాత్రం అలాగే ఉంది. చూస్తే సీటు ముక్కు కిందకి వాలి ఉంది! ఒళ్ళంతా ముందుకి జారిపోతుంటే ఆపేది అరచేతులే కదా. ఆలెన్ కీతో రెండు నిమిషాల పనికి నేను రెండు నెలలు ఫోర్క్‌ని తిట్టుకున్నా.

అందుకే వరస ఇది: టైర్ గాలి, సీటు, హ్యాండిల్‌బార్, ఆ తర్వాతే సస్పెన్షన్. ఒకసారికి ఒక్కటే మార్చండి, ఏం మార్చారో ఫోన్‌లో రాసుకోండి, అదే దారిలో మళ్ళీ తొక్కి చూడండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో ఎవడికి తెలుసు.

చేతులు తిమ్మిరి, మణికట్టు నొప్పి

సీటు లెవెల్‌గా ఉందో లేదో ముందు చూడండి, ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూసినా చాలు. అది బాగుంటే బ్రేక్ లివర్లు. చాలా బైకుల్లో లివర్ మరీ కిందకి తిరిగి ఉంటుంది, మనం కొండదారి మీద లేచి నిలబడి తొక్కేటప్పుడు మణికట్టు మడిచి పట్టుకోవాల్సి వస్తుంది. మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా గీత గీసినట్టు తిన్నగా వచ్చేలా లివర్ తిప్పండి, గ్రిప్ నుంచి కొంచెం లోపలికి జరిపి చూపుడు వేలు ఒక్కటే లివర్ చివర పడేలా పెట్టండి. మిగతా మూడు వేళ్ళు గ్రిప్ పట్టుకోడానికే. క్లాంప్ బోల్ట్ మరీ బిగించకండి, పడినప్పుడు లివర్ విరిగిపోకుండా తిరిగితేనే మంచిది.

మోకాలి నొప్పి

ముందు వైపు నొప్పి అంటే ఎక్కువసార్లు సీటు కిందకి ఉంటుంది లేదా బాగా ముందుకి ఉంటుంది. వెనక వైపు లాగుతున్నట్టుంటే సీటు ఎక్కువ ఎత్తులో ఉన్నట్టు, వెనక నుంచి ఎవరైనా చూస్తే నడుం అటూ ఇటూ ఊగడం కూడా కనిపిస్తుంది. మడమ పెడల్ మీద పెట్టి పెడల్‌ని అట్టడుక్కి తిప్పితే కాలు తిన్నగా చాచుకోవాలి, అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అక్కడి నుంచి 3 నుంచి 5 మి.మీ. చొప్పున మారుస్తూ పోండి, ఒకేసారి రెండు సెంటీమీటర్లు లేపితే ఇంకో నొప్పి మొదలవుతుంది.

ప్రతి రాయీ ఒంట్లో తెలుస్తోంది

టైర్ గాలి! రోడ్డు సైకిల్‌కి కొట్టినట్టు 50 పీఎస్‌ఐ కొట్టేసి సస్పెన్షన్ పనిచెయ్యట్లేదంటారు. 70 కేజీల మనిషికి 2.3 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్ అయితే 22 నుంచి 26 దగ్గర మొదలెట్టొచ్చు, ట్యూబ్ ఉంటే ఒక నాలుగైదు ఎక్కువ, వెనక టైర్‌కి ముందు దానికన్నా రెండు మూడు ఎక్కువ. రిమ్ రాళ్ళకి తగులుతుంటే కొంచెం పెంచండి. ఇంకోటి, నవ్వకండి, లాకౌట్ (సస్పెన్షన్‌ని కదలకుండా బిగించే మీట) ఆన్‌లో ఉందేమో చూడండి, నేనే ఒక రైడ్ మొత్తం అలా తొక్కా.

బ్రేక్ వేస్తే ముందు భాగం మునిగిపోతోంది, లేదా అసలు కదలట్లేదు

ఇక్కడ సాగ్ కొలవాలి, అంటే మీరు ఎక్కి నిలబడితేనే ఎంత దిగుతుందో. హెల్మెట్, బ్యాగు, నీళ్ళు అన్నీ వేసుకుని, లాకౌట్ తీసేసి, గోడని మోచేత్తో ఆనుకుని పెడల్స్ మీద నిలబడండి, ఫోర్క్ గొట్టం మీద ఉన్న రబ్బరు రింగుని సీల్ దాకా కిందకి తోసి, ఊపకుండా మెల్లగా దిగండి. 130 మి.మీ. ట్రావెల్ (మొత్తం దిగగలిగే దూరం) ఉన్న ఫోర్క్‌లో 20 శాతం అంటే రింగు 26 మి.మీ. పైకి జరిగి ఉండాలి. ముందు 15 నుంచి 20 శాతం, వెనక షాక్ 25 నుంచి 30 శాతం అందరూ మొదలెట్టే లెక్క. వెనక మాత్రం చక్రం ట్రావెల్ కాదు, షాక్ స్ట్రోక్ (షాక్ గొట్టం లోపలికి దిగే దూరం) లెక్కలోకి తీసుకోవాలి, 50 మి.మీ. స్ట్రోక్ అయితే 30 శాతం 15 మి.మీ. సాగ్ ఎక్కువైతే గాలి కొట్టండి, తక్కువైతే తీయండి.

షాక్ పంప్ (సస్పెన్షన్‌లో గాలి కొట్టే చిన్న పంప్) తీసేటప్పుడు బుస్సుమని వస్తే కంగారు పడకండి, అది పంప్ గొట్టంలోని గాలి. మళ్ళీ తగిలిస్తే మీటర్ తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే కొంత గాలి ఆ గొట్టంలోకి వెళ్ళింది, అంతే. గాలి మార్చిన ప్రతిసారీ సస్పెన్షన్‌ని పదిసార్లు నొక్కి వదిలి అప్పుడు కొలవండి.

చవక స్ప్రింగ్ ఫోర్క్ అయితే పైన ఉన్న ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచే) నాబ్ సాగ్‌ని కాస్త మారుస్తుంది గానీ స్ప్రింగ్‌ని గట్టిగా చెయ్యదు. మనిషి బరువుకి సరిపోకపోతే స్ప్రింగే మార్చాలి.

సాగ్ సరిగ్గానే ఉంది, అయినా అడుక్కి కొట్టుకుంటోంది

గాలి పెంచితే మొదట్లోని మెత్తదనం పోతుంది. గాలి ఉండే చోటుని తగ్గించడానికి లోపల వేసే ముక్క, వాల్యూమ్ స్పేసర్, ఒకటి వేస్తే చివర్లో మాత్రమే గట్టిపడుతుంది. ఎంత పెద్ద దెబ్బ తగిలినా రింగు సగం దాటట్లేదా, ఒకటి తీసేయండి.

రాయి దాటాక వెనక చక్రం తన్నుతోంది

రీబౌండ్, అంటే నొక్కుకున్న సస్పెన్షన్ తిరిగి పైకి లేచే వేగం, మరీ ఫాస్ట్. మామూలుగా ఎర్ర నాబ్, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే నెమ్మదిస్తుంది. దీనికి వ్యతిరేకం, అంటే రీబౌండ్ మరీ నెమ్మదిగా ఉండటం, ఇంకా మోసం చేస్తుంది: వరసగా రాళ్ళు వచ్చినప్పుడు ఒకదాన్నుంచి తేరుకునేలోపు ఇంకోటి తగిలి సస్పెన్షన్ మెల్లగా కిందకి దిగిపోయి అక్కడే ఉండిపోతుంది, మనకేమో గట్టిగా ఉన్నట్టు అనిపించి గాలి తీస్తాం, ఇంకా పాడవుతుంది. వరస రాళ్ళ మీద మొదటి రెండూ బాగుండి తర్వాతవి కొడుతుంటే రీబౌండ్ నెమ్మదిగా ఉన్నట్టే, నాబ్‌ని రెండో వైపుకి రెండు క్లిక్కులు తిప్పండి. వెనక షాక్‌కి సులువైన పరీక్ష, సీట్లో కూర్చునే ఫుట్‌పాత్ గట్టు దిగండి, షాక్ దిగి, పైకొచ్చి, ఒక్కసారి ఊగి ఆగిపోవాలి.

మలుపులో ముందు చక్రం జారుతోంది

భయంతో వెనక్కి వాలి తొక్కుతున్నారేమో, బరువు లేని చక్రానికి పట్టు ఎక్కడిది. మోచేతులు విప్పి ఛాతీ బార్ మీదకి తీసుకురండి. అప్పటికీ జారుతుంటే ముందు టైర్ ఒక పీఎస్‌ఐ తగ్గించండి, స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ని ఫోర్క్‌కి కలిపే ముక్క) కింద ఉన్న స్పేసర్ రింగు ఒకటి పైకి మార్చి బార్ కొంచెం దించండి. స్టెమ్ విప్పితే మాత్రం ముందు పై టోపీ బోల్ట్ బిగించి వదులు పోగొట్టాలి, తర్వాతే పక్క బోల్టులు, వాటి మీద రాసిన టార్క్ (బిగింపు బలం) దాటకుండా, ఎక్కువగా 5 ఎన్‌ఎం దగ్గరే ఉంటుంది.

అన్నీ సరిచేశా, ఫోర్క్ పట్టేసినట్టు కదులుతోంది

గొట్టాలు పొడిబారి ఉంటాయి. బైక్‌ని ఒక రాత్రి తలకిందులుగా పెట్టండి, లోపలున్న ఆయిల్ సీల్స్ కింద స్పాంజ్ రింగుల్లోకి దిగుతుంది. హైడ్రాలిక్ బ్రేకులైతే పొద్దున నిలబెట్టాక లివర్ నాలుగుసార్లు నొక్కి చూసుకోండి, లైన్లో గాలి బుడగ ఉంటే మెత్తగా దిగిపోతుంది. ఫోర్క్ ఇంకా పట్టేస్తుంటే లోయర్స్ (ఫోర్క్ కింది గొట్టాలు) విప్పి ఆయిల్ మార్చాలి, చాలా ఎయిర్ ఫోర్కులకి ఆ సర్వీసు 50 గంటల రైడింగ్‌కి ఒకసారి చెయ్యమంటారు, మనం ఏడాదైనా ముట్టుకోం.