మందం బొంతను ఎంబ్రాయిడరీ ఫ్రేమ్‌ల ఎట్ల పెట్టాలె

బొంత మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేద్దామని మొదలువెట్టినోళ్లు ఎక్కువమంది ఆగిపోయేది డిజైన్ కాడ కాదు, ఫ్రేమ్ కాడ. పైన బట్ట, నడుమ దూది షీటు, కింద అస్తరు, ఈ మూడింటిని కలిపి ఫ్రేమ్ రెండు రింగుల నడుమ పెట్టి లోపలి రింగును ఒత్తుతె ఒక మూల కూసుంటది ఇంకో మూల లేస్తది, అటు ఒత్తుతె ఇటు లేస్తది, ఆఖరికి స్క్రూ డ్రైవర్ పట్టుకొని బలంగ బిగిస్తం. నేను హన్మకొండల జాకెట్లు, లంగాలు కుడుత, నా మొదటి బొంతను గట్లనే బిగించిన, మా అమ్మ కట్టి కట్టి మెత్తవడ్డ కాటన్ చీర తోని చేసిన బొంత అది. సగం డిజైన్ అయినంక టప్పున మూల ఊసిపోయింది, డిజైన్ పక్కకు జరిగింది, ఫ్రేమ్ తీసి చూస్తె చీర మీద రింగు అచ్చు, రెండుసార్లు ఉతికినా పోలే ఎందుకంటె పాత పోగులు ఆడ నలిగిపోయినయి. ఆ మచ్చ ఇంక అట్లనే ఉంది. అందుకే ఎవరు అడిగినా ముందు ఈ మాటే చెప్త, బొంతను ఫ్రేమ్‌ల గుంజొద్దు.

జాకెట్ బట్టనైతె డప్పు లెక్క గుంజి బిగిస్తం, అది ఒక్క పొర కాబట్టి నడుస్తది. బొంతల మూడు పొరలు మూడు తీర్ల సాగుతయి. పై బట్ట సాగుతది, అస్తరు ఇంకో తీరు సాగుతది, నడుమ దూది సాగది, ఒత్తుకపోతది. గుంజి కుట్టినంక ఫ్రేమ్ తీస్తె దేనికది ఎనుకకు పోతది, డిజైన్ సుట్టు బట్ట ముడతలు వడి కుచ్చులు పెట్టినట్టు అయితది, ఇస్త్రీ చేసినా అది సాపుగాదు. మంచం మీద పరిచినప్పుడు ఎట్ల ఉంటదో ఫ్రేమ్‌ల గట్లనే ఉండాలె, వేలు పెట్టి నొక్కితె కొంచెం లోపలికి పోవాలె గని పొరలు ఒకదాని మీద ఒకటి జరగొద్దు.

పొరల గురించి చెప్పాలె. దూదేకించి రజాయిల నింపే విడి దూది దీనికి పనికిరాదు, సూది పోతున్నకొద్ది అది ఉండలు కట్టి పక్కకు జరుగుతది. షీటు లెక్క ఒత్తి అమ్మే దూది తీసుకోవాలె, అది కూడ పల్సటిది, 3 మిల్లీమీటర్ల మందం ఉంటె చాలు. పొంగుడు పొంగుడుగ ఉండే మందం పాలిస్టర్ షీటు చూడనీకి మంచిగ ఉంటది గని మొదటిసారి దాంతోని పెట్టుకోకండి. షీటు దొరకకపోతె మన పెద్దోళ్ల లెక్కనే పాత కాటన్ చీరలు మూడు పొరలు వేసుకున్నా నడుస్తది, అది ఇంకా ఒదిగి ఉంటది. కొత్త కాటన్ బట్ట అయితె అన్నీ ముందు తడిపి ఆరేయండి, లేకపోతె తర్వాత కుంచుకపోతది.

చీరల తోని చేసేటోళ్లకు ఇంకో సంగతి, జరీ అంచు ఫ్రేమ్ రింగు కిందికి రానియ్యొద్దు. ఒక దిక్కు అంచు మందం ఉండి ఇంకో దిక్కు ఉట్టి చీర ఉంటె రింగు మందం ఉన్నకాడ మాత్రమే పట్టుకుంటది, పల్సగ ఉన్న దిక్కు వదులైతది, మూల ఊసిపోయేది సగంసార్లు ఇందుకే. అంచు కోసి పక్కకు పెట్టుకొని ఆఖర్ల బార్డర్ కుట్టుకోండి. 2017ల మొదలువెట్టి సర్కారు పంచిన బతుకమ్మ చీరలు, ఎక్కువ సిరిసిల్ల నేతవి, ఇంట్ల రెండు మూడు పడి ఉంటయి, వాటితోని కూడ అడుగుతున్నరు. పాలిస్టర్ కాబట్టి మస్తు జారుతది, పై పొరకు వాడొచ్చు గని టాకాలు, అంటె పొరలు జరగకుండ వేసి తర్వాత ఇప్పేసే పొడుగు కుట్లు, దగ్గరదగ్గరగ పడాలె.

టాకాలు కింద టైల్స్ మీద వేస్తె మంచిగ వస్తది. అస్తరు తిరగేసి పరిచి నాలుగు దిక్కుల మాస్కింగ్ టేప్ అంటించి, దాని మీద షీటు, దాని మీద చీర, అరచెయ్యి తోని నడుమ నుంచి బయటికి సాపు చేసుకుంట పోయి బెత్తెడుకొక పొడుగు టాకా వెయ్యాలె, నడుమ నుంచే మొదలువెట్టాలె. కొత్తవాడ జంపఖానా మీద పరిస్తె అస్తరు జారదు, నిజమే, గని సూది జంపఖానాల గుచ్చుకొని రెండింటిని కలిపి కుట్టినట్టైతది. అస్తరు, షీటు రెండు కూడ పై బట్ట కంటె నాలుగు దిక్కుల మూడేసి ఇంచులు ఎక్కువ ఉంచండి, చివరి డిజైన్ కాడ ఫ్రేమ్‌కు పట్టు కావాలె గద.

ఇగ ఫ్రేమ్. నేను ఇప్పుడు చేసేది ఏందంటె, ఫ్రేమ్‌ల బొంత పెట్టనే పెట్ట. నీళ్లల్ల కరిగే పేపర్ ఒక్కటే పెట్టి దాన్ని డప్పు లెక్క బిగిస్త, బిగింపు ఉండాల్సింది ఆడ. ఫ్రేమ్ నాలుగు దిక్కుల ఉండే గాట్లు కలిపి పేపర్ మీద పెన్సిల్ తోని ప్లస్ గీత గీస్త, బొంత మీద డిజైన్ నడుమ ఎక్కడ రావాలెనో ఆడ చాక్‌పీసు తోని ఇంకో ప్లస్. ఈ రెండు ప్లస్‌లు కలిసేటట్టు ఎట్ల పెట్టాలంటె బొంతను గీత మీద అస్తరు బయటికి వచ్చేటట్టు సగం మడిచి, ఆ మడతను పేపర్ మీది గీతకు ఆనించి, ఒక సగం పరిచి అరచెయ్యి తోని సాపు చేసి, తర్వాత రెండో సగం మెల్లగ ఇప్పాలె. ఒక్కసారి మొత్తం పరిస్తె గీత ఎటు పోయిందో తెల్వదు. పట్టుకోనీకి పేపర్ మీద టెంపరరీ స్ప్రే గమ్ము కొంచెం కొట్టాలె, అట్టపెట్టెల పెట్టి మిషన్‌కు దూరంగ కొట్టండి, గాలిల ఎగిరే గమ్ము మిషన్ల పడితె పాడైతది. డిజైన్‌కు బయట నాలుగు దిక్కుల పిన్నులు గుచ్చి, ఫుట్‌కు, అంటె సూది కాడ బట్టను ఒత్తిపట్టే ముక్కకు, అడ్డం రాకుండ చూసుకోవాలె. మిషన్ల డిజైన్ సుట్టు డబ్బా లెక్క టాకాలు వేసే ఆప్షన్ ఉంటె ముందు అది నడిపించండి, లేకపోతె చేత్తోని వేసుకోండి.

ఆ మొదటి డబ్బా కుట్టేటప్పుడు పక్కకు పోవద్దు, కండ్లు ఫుట్ మీదనే ఉండాలె. ఫుట్ ముందల బట్ట చిన్న అల లెక్క లేసి నూకుకుంట పోతున్నదంటె ఫుట్ కిందికి ఉన్నట్టు. ఆపి సెట్టింగ్సుల ఫుట్ హైట్ కొంచెం కొంచెం పెంచుకుంట అల పోయేదాక చూడాలె. బాగ ఎక్కువ లేపితె కుట్టు తప్పుతది, దారం వదులైతది.

పల్సటి షీటు, కాటన్ బట్ట అయితె మాత్రం నేరుగ ఫ్రేమ్‌ల కూడ పెట్టొచ్చు. స్క్రూ పూర్తిగ వదులు చేసి, లోపలి రింగు ఎదురెదురు మూలలు ఒకేసారి రెండు అరచేతులతోని ఒత్తి, కూసున్నంకనే స్క్రూ బిగించాలె, అంతేగాని ముందే బిగించి తర్వాత గుద్దొద్దు. వేళ్లతోని తిప్పగలిగినంత చాలు. తిరగేసి చెయ్యి పెట్టి అస్తరు దిక్కు మడత పడిందా అని తడిమి చూడండి, మడత కనపడేది ఆడనే. పని ఆపి అన్నానికి లేస్తె ఫ్రేమ్ వదులు చేసి లేవండి, అచ్చు పడకుంట ఉంటది.

మాగ్నెట్ ఫ్రేమ్ కొనగలిగితె అది బొంతలకు చానా సుఖం, మందంగ ఉన్నా పై ముక్క పెడితె పట్టుకుంటది, అచ్చు తక్కువ. మీ మిషన్‌కు సరిపోయేదే తీసుకోవాలె. మాగ్నెట్ గట్టిది, వేళ్లు నడుమ పడితె బాగ నొప్పి, పిల్లలకు అందనియ్యొద్దు, ఇంట్ల గుండెకు పేస్‌మేకర్ ఉన్నోళ్లుంటె వాళ్ల దగ్గర పెట్టొద్దు.

మిగతావి తొందరగ చెప్త. సూది 14 నంబర్, 11 నంబర్ అయితె ఇంత మందంల వంగుతది. స్పీడు నిమిషానికి 400 కుట్ల దగ్గర పెట్టుకోండి. బాబిన్ల కూడ పైదారం రంగే వాడండి, బొంత రెండు దిక్కుల కనవడ్తది. మొదలు ఒక కుట్టు వేసి కిందిదారం పైకి గుంజుకుంటె అస్తరు దిక్కు దారం గూడు కట్టదు. డిజైన్ గీతల లెక్క ఉన్నది తీసుకోండి, దట్టంగ నింపిన నెమలి, పువ్వు అయితె బొంత ఆడ అట్టముక్క లెక్క బిరుసైతది.

బరువు సంగతి మాత్రం మర్చిపోవద్దు. బొంత టేబుల్ మీద నుంచి కిందికి వేలాడితె ఆ బరువే ఫ్రేమ్‌ను గుంజుతది, మీరెంత మంచిగ పెట్టినా డిజైన్ జరుగుతది. మిషన్ ఎడమ దిక్కు, ఎనుక ఇంకో టేబులో, ఇస్త్రీ బల్లనో అదే ఎత్తుకు వేసి బొంత మొత్తం దాని మీద ఉండేటట్టు చూడండి, కుడి దిక్కుది చుట్ట చుట్టి పిన్ను పెట్టుకోండి. 100×100 మిల్లీమీటర్ల చిన్న ఫ్రేమ్ ఉన్నోళ్లకు డబుల్ బెడ్ బొంత ఇట్ల తిప్పుడు చానా కష్టం. ముక్కలు ముక్కలుగ మూడు పొరలు వేసి, ఒక్కొక్క దాని మీద డిజైన్ కుట్టి, తర్వాత అతుకుకోవుడే నయం. ముక్క అనుకున్న సైజు కంటె నాలుగు దిక్కుల ఒక ఇంచు పెద్దగ కొయ్యండి, కుట్టినంక కొంచెం కుంచుకపోతది, అప్పుడు అన్నీ ఒకే కొలతకు కోసుకుంటె అతుకులు సరిగ్గ కలుస్తయి.

అంతా అయినంక డబ్బా టాకాలు ఇప్పి, పేపర్ ఎక్కువున్నది కత్తెర తోని కోసి, మిగిలింది చల్లటి నీళ్లల్ల నానవెట్టండి. చీర రంగు పోతదేమో ఒక మూల తడిపి ముందే చూసుకోండి. పిండకుండ, నీడకు సాపుగ పరిచి ఆరవెట్టాలె, తీగ మీద వేస్తె తడి బరువుకు డిజైన్లు సాగుతయి.