వాయుగుండాలు మొదలయ్యేలోపు: లేజర్, సీఎన్‌సీ, త్రీడీ ప్రింటింగ్ షాపుల్లో మెటీరియల్ జాగ్రత్తలు

నెల్లూరు జిల్లాకు ఏడాది మొత్తం మీద పడే వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే పడుతుంది. ఒంగోలు వైపు కాస్త తక్కువైనా, అల్పపీడనం పట్టిందంటే ముసురు అక్కడా తప్పదు. మనకు ఆర్డర్లు ఎక్కువగా వచ్చేదీ అప్పుడే. కార్తీకంలో పెళ్లిళ్ల నేమ్ బోర్డులు, డిసెంబరులో క్రిస్మస్ స్టార్లు, ఆ వెంటనే సంక్రాంతి ఆటల పోటీల మెమెంటోలు. నిన్నటిదాకా శుభ్రంగా తెగిన ఫైలు ఇవాళ తెగదు. పవర్ పెంచుతాం, స్పీడు తగ్గిస్తాం, లెన్సు తుడుస్తాం. చాలాసార్లు తప్పు మెషిన్‌ది కాదు, మెటీరియల్‌లోకి దిగిన చెమ్మది. దసరా ఆయుధపూజకు మెషిన్లు తుడిచేటప్పుడే కింది పనులు కూడా పూర్తి చేసుకోవాలి.

ముందు ఎండీఎఫ్ (చెక్క నారను జిగురుతో అదిమి చేసే షీటు) సంగతి. షీటు పైభాగం నున్నగా ఉంటుంది కాబట్టి చెమ్మను నెమ్మదిగా లాగుతుంది. అంచులు మాత్రం గటగటా తాగేస్తాయి. చెమ్మగా ఉన్న ఎండీఎఫ్ మీద లేజర్ పెడితే, వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. అందుకే అడుగుదాకా తెగదు, అంచు నల్లబడుతుంది, పొగ జిడ్డు లెన్సుకు పడుతుంది. మందం కూడా మారుతుంది. 3 మిల్లీమీటర్ల షీటు వెర్నియర్ (మందం కొలిచే పరికరం) మీద 3.1, 3.2 చూపిస్తే స్లాట్లలో బిగించే జాయింట్లు ఒక్కటీ కూర్చోవు. ఈ మూడు నెలలూ బ్యాచ్ మారినప్పుడల్లా నాలుగు మూలలా, మధ్యలో ఒకసారి వెర్నియర్ పెట్టి చూసి, ఆ కొలతతోనే స్లాటు వెడల్పు దిద్దుకోవాలి.

ఎంత చెమ్మ ఉందో తేల్చుకోవడం కష్టమేమీ కాదు. 100 మిల్లీమీటర్లకు 100 మిల్లీమీటర్ల ముక్క కోసి, 0.1 గ్రాము చూపించే చిన్న త్రాసులో తూచండి. 3 మిల్లీమీటర్ల ముక్క ఇంచుమించు 23 గ్రాములు తూగుతుంది. దాన్ని 103 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, గంట తేడాతో రెండుసార్లు తూచినా బరువు మారని దాకా ఎండబెట్టండి. తగ్గిన బరువును ఎండిన బరువుతో భాగించి వందతో గుణిస్తే శాతం వస్తుంది. ముందు 25 గ్రాములు, ఎండాక 22.5 గ్రాములు అయితే 11 శాతం. 8 దాటిన షీటును ఆ రోజు లేజర్ మీదికి ఎక్కించకపోవడమే మేలు. ఏసీ గదిలో మధ్యమధ్య చెక్క బద్దలు పెట్టి రెండు మూడు రోజులు పడుకోబెడితే దారికొస్తుంది. ఈ పనికి వంటింటి ఓవెన్ వాడొద్దు, ఎండీఎఫ్ జిగురులోని ఫార్మాల్డిహైడ్ వాసన దానికి పట్టుకుంటుంది.

షీట్లను గోడకు ఆనించి నిలబెడితే వానాకాలం దాటేసరికి విల్లులా వంగుతాయి. నేల నుంచి కనీసం అడుగు ఎత్తున, 60 సెంటీమీటర్లకు ఒక బద్ద చొప్పున వేసి, గోడకు అడుగు దూరంలో పడుకోబెట్టాలి. అన్నిటికంటే పైన పనికిరాని షీటు ఒకటి కప్పాలి. కోసి అమర్చిన పని అయితే అంచులకు రెండు పూతలు సాండింగ్ సీలర్ తప్పదు.

ప్లైవుడ్‌కు ఇంత బాధ లేదు. కాకపోతే నీళ్లకు ఆగుతుందని ఐఎస్ 710 మెరైన్ ప్లై తెచ్చి లేజర్ మీద పెట్టేవాళ్లుంటారు. అందులోని ఫినాలిక్ జిగురు పొరల దగ్గర కిరణం ఆగిపోయి బొగ్గవుతుంది. అది సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే, తిరిగే బిట్‌తో కోసే మెషిన్) సరుకు.

"తడిసినా పాడవనిది ఇవ్వండన్నా" అనే కస్టమర్ రాగానే చెయ్యి పీవీసీ వైపు పోతుంది. అసలు ప్రమాదం ఇక్కడుంది. సన్‌బోర్డ్ పేరుతో అమ్మే షీటు చాలావరకు పీవీసీ ఫోమే. రెగ్జిన్, ఫ్లెక్స్ కూడా పీవీసీయే. లేజర్ తగిలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, చెమ్మగాలిలో అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమై ఊపిరితిత్తుల్లోకి, మెషిన్ రైళ్ల (లేజర్ హెడ్ జారే పట్టాల) మీదికి, లెన్సు మీదికి చేరుతుంది. బేరింగులు తుప్పు పట్టాక ఉప్పుగాలిని తిట్టుకుని లాభం లేదు. ఏ ప్లాస్టిక్కో అనుమానమొస్తే రాగి తీగ ముక్కను పట్టకారుతో పట్టి మంటలో ఎర్రగా కాల్చండి. మంటలో ఆకుపచ్చ రంగు పోయాక దాన్ని ప్లాస్టిక్‌కు తాకించి మళ్లీ మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వచ్చిందంటే క్లోరిన్ ఉన్నట్టే. ఈ పరీక్ష బయట గాలిలో చేయాలి. పీవీసీ, ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) రెండూ రౌటర్ మీదే కోయాలి. లేజర్‌కే ఇవ్వాల్సి వస్తే అక్రిలిక్ ఇవ్వండి.

అక్రిలిక్ పీల్చుకునే నీళ్లు కొద్దే గానీ, 150, 160 డిగ్రీల దగ్గర వంచేటప్పుడు ఆ కొద్దీ బుడగలై లేస్తుంది. వంచే ముక్కలను ముందురోజు రాత్రంతా 75 డిగ్రీల దగ్గర ఉంచితే ఆ గొడవ ఉండదు. అతుకుల దగ్గర తెల్లటి మసక మరో సమస్య. క్లోరోఫామ్ ఆవిరయ్యేటప్పుడు ఆ చోటు చల్లబడి, గాలిలో ఉన్న తేమ దాని మీద దిగుతుంది. ముసురు రోజున ఏసీ వేసి, హైగ్రోమీటర్ (గాలిలో తేమ చూపించే పరికరం) 60 శాతం కిందికి దిగాకే అతికించండి. జల్లు కొడుతోందని షట్టరు దించేసి లోపల క్లోరోఫామ్ వాడొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడుస్తూనే ఉండాలి. వంచే హీటరు, లైటరు, సిగరెట్ ఆ గదిలో ఉండకూడదు. వేడికి క్లోరోఫామ్ నుంచి ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది.

త్రీడీ ప్రింటర్‌కు పెట్టే ప్లాస్టిక్ తీగ, అంటే ఫిలమెంట్, చెమ్మ పీల్చిందని నాజిల్ దగ్గర వినిపించే చిటపట శబ్దమే చెబుతుంది. దారాలు సాగుతాయి, ప్రింటు గోడలు గరుకుగా వస్తాయి, పీఎల్ఏ రకం అయితే ట్యూబులోనే పుటుక్కున విరుగుతుంది. ఎండబెట్టడానికి పీఎల్ఏకు 45 నుంచి 50 డిగ్రీలు, పీఈటీజీకి 65, ఏబీఎస్‌కు 80 పెట్టి నాలుగు నుంచి ఆరు గంటలు ఉంచాలి. నైలాన్‌కు 70 నుంచి 80 డిగ్రీల్లో పన్నెండు గంటలైనా కావాలి. మామూలు ఓవెన్లు పెట్టిన డిగ్రీ దాటిపోతుంటాయి, 60కి చేరితే పీఎల్ఏ స్పూలు ఒకే ముద్ద అవుతుంది. ఎండాక రబ్బరు బిగింపు మూత ఉన్న డబ్బాలో స్పూలుకు 100 గ్రాముల సిలికా జెల్ వేసి దాచండి. లోపలి హైగ్రోమీటర్ 20 శాతం దాటకూడదు. నారింజ రంగు జెల్ రంగు మారగానే 120 డిగ్రీల్లో రెండు మూడు గంటలు కాలిస్తే మళ్లీ పనికొస్తుంది. నీలం జెల్‌లో కోబాల్ట్ ఉంటుంది, తిండి వండే ఓవెన్ దరిదాపులకు తీసుకెళ్లొద్దు.

సీఓటూ లేజర్ ట్యూబుకు చల్లదనం ఎక్కువైనా చేటే. బయట 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న రోజు మంచుబిందువు (గాలిలోని తేమ నీటి చుక్కలుగా మారే ఉష్ణోగ్రత) 27 డిగ్రీలు. ట్యూబులోకి చల్లటి నీళ్లు పంపే చిల్లర్‌ను 18కి పెట్టారంటే ట్యూబు ఒళ్లంతా నీటి చుక్కలే. హై వోల్టేజీ కొసన చుక్క పడితే ఆర్క్ కొడుతుంది, కిరణం బయటికొచ్చే అద్దం మీద పడితే అది పగులుతుంది. గంట ముందే ఏసీ వేసి గదిని 26 డిగ్రీలు, 55 శాతం తేమకు తెస్తే మంచుబిందువు 16కి దిగుతుంది, అప్పుడు చిల్లర్ 22 దగ్గర ఉంచి నిశ్చింతగా నడుపుకోవచ్చు. ట్యాంకులో పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. బోరు నీళ్లు పోస్తే ట్యూబులో సున్నం గార కడుతుంది.

ఇనుప షీట్లకు, రైళ్లకు పల్చగా నూనె పూస్తే చాలు. జీఐ (జింకు పూసిన ఇనుము) షీట్లు మాత్రం తడితో ఒకదాని మీద ఒకటి పేర్చితే సందుల్లో తెల్లతుప్పు పడుతుంది, ఒకవైపు కాస్త ఏటవాలుగా ఎత్తి నీళ్లు జారేలా పెట్టండి. కొత్తపట్నం, కృష్ణపట్నం లాంటి సముద్రపు ఒడ్డు పనులకు 304 స్టీలు గోధుమ మరకలు పడుతుంది, 316 అడగండి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కు చెమ్మతో పేచీ లేదు, చెక్కిన అక్షరాల్లో రంగు నింపేటప్పుడే రాయి పొడిగా ఉండాలి.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అలాంటి పల్లపు చోట అడుగు ఎత్తు బద్దలు చాలవు, తుపాను హెచ్చరిక రాగానే షీట్లు, స్పూళ్లు మేడ మీదికి పోవాలి, మెయిన్ దించేయాలి. నీళ్లు వచ్చి పోయాక అక్రిలిక్‌ను కడిగి వాడుకోవచ్చు, ప్లైని నీడలో బద్దల మధ్య మెల్లగా ఆరబెట్టొచ్చు, ఉబ్బిన ఎండీఎఫ్ మీద ఆశ వదులుకోవాలి. లేజర్ పవర్ సప్లై, రౌటర్ బిట్‌ను తిప్పే స్పిండిల్ మోటారు పైకి ఎండినట్టు కనిపించినా, ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దు.