ఆటమ్ డీ525, ఏఎండీ ఈ-350: రోజంతా ఆన్‌లో ఉండే డబ్బాకి ఏది మేలు?

మా నాన్న టేపు రికార్డరు మోసుకుంటూ ఊరూరా తిరిగి రికార్డు చేసిన హరికథల క్యాసెట్లు మా ఇంట్లో 140 దాకా ఉన్నాయి. టేపులు బూజు పట్టకముందే వాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇంట్లో ఎవరైనా తమ ఫోన్లో వినేలా ఒక చిన్న డబ్బాని రాత్రీ పగలూ ఆన్‌లో ఉంచాలి. అందుకు నా దగ్గర ప్రాసెసర్ అతికించే వచ్చిన రెండు పాత మదర్‌బోర్డులున్నాయి. ఒకదాని ప్రాసెసర్ ఇంటెల్ ఆటమ్ డీ525, ఇంకొకదానిది ఏఎండీ ఈ-350. వీటిలో ఏది ఉంచుకోవాలో తేల్చుకోడానికి నాకు మూడు వారాలు పట్టింది. దారి తెలిస్తే ఒక్క ఆదివారం చాలు, అందుకే రాస్తున్నాను.

ముందు కాగితం మీది అంకెలు. డీ525 2010లో వచ్చింది: 1.8 గిగాహెర్ట్జ్, 2 కోర్లు (పని చేసే భాగాలు), 4 థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు), 13 వాట్లు. ఈ-350 2011 జనవరిలో వచ్చింది: 1.6 గిగాహెర్ట్జ్, 2 కోర్లు, 2 థ్రెడ్లు, 18 వాట్లు. ఇంతవరకే చదివితే ఎవరైనా డీ525 అనే అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ 13, 18 కరెంటు వాడకం లెక్కలు కావు. ఆ చిప్పుని చల్లార్చడానికి ఎంత హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు దిమ్మ) పెట్టాలో బోర్డు తయారుచేసేవాళ్లకి చెప్పే అంకెలు. మీ బిల్లులో పడేది గోడ సాకెట్ దగ్గర కొలిస్తేనే తెలుస్తుంది.

కొలవడానికి వాట్ మీటరు కొనక్కర్లేదు. ఇంటి ఎలక్ట్రానిక్ మీటరు మీద ఒక ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. యూనిట్‌కి అది ఎన్నిసార్లు మెరుస్తుందో పక్కనే రాసి ఉంటుంది. మా మీటరు మీద 3200 అని ఉంది. ఫ్రిజ్, రౌటరు, ఫోన్ ఛార్జర్లు, అన్నీ తీసేయండి. ఇన్వర్టరు కూడా మర్చిపోవద్దు, అది ఊరికే ఉన్నట్టుంటుంది గానీ బ్యాటరీకి ఛార్జ్ పెడుతూనే ఉంటుంది. డబ్బా ఒక్కదాన్నే ఆన్ చేసి గంటసేపు మెరుపులు లెక్కపెట్టండి. వాటిని 1000తో గుణించి మీ మీటరు మీది అంకెతో (మాకైతే 3200) భాగిస్తే వచ్చేవే వాట్లు. ఏ పనీ చెప్పకుండా వదిలేస్తే మా ఇంట్లో డీ525కి గంటలో 74 మెరుపులు వచ్చాయి, అంటే 23 వాట్లు. ఈ-350కి 64 వచ్చాయి, అంటే 20 వాట్లు. కాగితం మీద ఎక్కువ తినాల్సింది ఇక్కడ తక్కువ తింటోంది. పని లేనప్పుడు ఈ-350 తన వేగాన్ని తగ్గించుకుంటుంది. డీ525లో ఇంటెల్ వాళ్ల ఆ స్పీడ్‌స్టెప్ సదుపాయం లేదు.

అయితే మొదటి వారం నాకు లెక్క తిరగబడి వచ్చింది. డీ525ని 12 వోల్టుల అడాప్టర్ మీద నడిపి, ఈ-350ని పాత డెస్క్‌టాప్‌లోంచి తీసిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) మీద నడిపాను. అంత పెద్ద ఎస్ఎంపీఎస్ మీద 20 వాట్ల లోడు పెడితే దానికదే బోలెడు కరెంటు వృథా చేస్తుంది. ఆ వృథా అంతా ఈ-350 ఖాతాలో రాసేశాను. కాబట్టి అడాప్టరు, డిస్కు, ర్యామ్ మూడూ మార్చి మార్చి రెండు బోర్డులకీ అవే పెట్టి కొలవండి. ఇది పాటించకపోతే మిగతా కొలతలన్నీ దండగ.

ఇక వేగం. డీ525 లోపల పనులు వచ్చిన వరుసలోనే జరుగుతాయి. పిండి మర దగ్గర ముందున్నాయన సంచి ఇంకా ఇంటి నుంచి రాలేదనుకోండి, వెనక సంచి విప్పుకుని సిద్ధంగా ఉన్నవాళ్లు కూడా ఆగాల్సిందే. మెమరీ నుంచి రావాల్సింది ఆలస్యమైతే ఆ కోర్‌లో జరిగేది అదే. ఆ ఖాళీ పోకుండా ఇంటెల్ వాళ్లు హైపర్-థ్రెడింగ్ పెట్టారు. అంటే మర పక్కన రెండో వరుస ఒకటి, ఇది ఆగితే అది నడుస్తుంది. ఈ-350లో ఉన్న బాబ్‌క్యాట్ కోర్ అలా కాదు, ఎవరి సంచి సిద్ధంగా ఉంటే వాళ్లని ముందు పిలుస్తుంది.

దీన్ని మీ సొంత పనితోనే పరీక్షించాలి. నా పని క్యాసెట్టు, కాబట్టి 45 నిమిషాల ఒక వైపుని తీసుకున్నాను. వేవ్ ఫైలుగా అది సుమారు 476 మెగాబైట్లు. లేమ్ అనే ప్రోగ్రాముతో ఎంపీ3 చేయిస్తే డీ525కి ఆరు నిమిషాలు పట్టింది, ఈ-350కి నాలుగు నిమిషాల లోపే అయిపోయింది. ఒక ఫైలుకి ఒక థ్రెడ్డే పనిచేస్తుంది, డీ525లో మిగతా మూడూ ఖాళీగా కూర్చుంటాయి. తర్వాత నాలుగు ఫైళ్లు ఒకేసారి ఇచ్చాను. డీ525 దాదాపు తొమ్మిది నిమిషాల్లో, ఈ-350 ఎనిమిదికి కాస్త అటూఇటూగా ముగించాయి. తేడా దాదాపు చెరిగిపోయింది. అందుకే ఒక్కసారి ఒక్క ఫైలుతో, ఇంకోసారి నాలుగింటితో కొలవమంటాను. మీ రోజువారీ వాడకం ఈ రెండిటిలో దేనికి దగ్గరో ఆ అంకెనే నమ్మండి. వెబ్ పేజీ తెరవడం మొదటి రకం పని, పది మంది ఫైళ్లు లాక్కోవడం రెండో రకం.

వీడియో చూసే ఉద్దేశం ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదు, ఈ-350 తీసుకోండి. దానిలోని గ్రాఫిక్స్ భాగం రేడియాన్ హెచ్‌డీ 6310, హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన వీడియోని తనే విప్పుతుంది. డీ525 గ్రాఫిక్స్‌కి అది చేతకాదు, 1080పీ దగ్గర బొమ్మ తడబడుతుంది. పక్కన ఎన్విడియా అయాన్ గ్రాఫిక్స్ చిప్పు ఉన్న డీ525 బోర్డయితే సంగతి వేరు.

డిస్కులు ఎక్కువ పెట్టేవాళ్లు సాటా పోర్టులు (డిస్కులు తగిలించే చోట్లు) లెక్కపెట్టుకోండి. డీ525తో వచ్చే ఎన్ఎం10 చిప్‌సెట్ ఇచ్చేవి రెండే. ఈ-350 వైపు చిప్‌సెట్ ఆరు దాకా ఇస్తుంది, వేగమూ రెట్టింపు. ర్యామ్ డీ525లో 4 జీబీ దగ్గర ఆగిపోతుంది. డిస్కుని ఎన్‌క్రిప్ట్ చేద్దామనుకుంటే (వేరేవాళ్లు చదవలేకుండా తాళం వేయడం), ఆ పనిని వేగంగా చేసే ఏఈఎస్ సూచనలు రెండిట్లోనూ లేవు, కాపీ నెమ్మదిగా సాగుతుంది.

రెండూ 64-బిట్టే, డెస్క్‌టాప్ లేని డెబియన్ లినక్స్ హాయిగా ఎక్కుతుంది. విండోస్ 11 మీద ఆశ పెట్టుకోవద్దు. ఆల్మా 9, రాకీ 9 అనే లినక్స్‌లు కూడా ఎక్కవు, వాటికి కావలసిన ఎస్ఎస్ఈ 4.2 అనే సూచనల సమితి ఈ రెండు ప్రాసెసర్లలోనూ లేదు. డీ525 తరఫున ఒక మాట చెప్పాలి. మెమరీలోని రహస్యాలు బయటికి పొక్కేలా చేసే, 2018లో బయటపడిన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాలు ఈ వరుసక్రమపు ఆటమ్‌లకి తగల్లేదు. ఈ-350కి మెల్ట్‌డౌన్ లేదు గానీ స్పెక్టర్ ఉంది.

బిల్లు కోసమే ఎంచుకుంటున్నారా? 3 వాట్ల తేడా అంటే నెలకి రెండు యూనిట్ల పైచిలుకు. అంతకంటే నన్ను ఇబ్బంది పెట్టింది ఫ్యాను. నా డీ525 బోర్డు మీద ఫ్యానే లేదు, ఉత్త హీట్‌సింకే. ఈ-350 మీద రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద ఫ్యాను, మా వీధి దుమ్ముకి రెండు నెలల్లో గరగరమంది. దాన్ని తీసేసి పెద్ద ఫ్యాను ఒకటి 5 వోల్టుల మీద నెమ్మదిగా తిరిగేలా బిగించాను.

చివరికి ఈ-350నే ఉంచుకున్నాను. క్యాసెట్లు ఒక్కొక్కటిగానే ఎక్కిస్తున్నాను, సాయంత్రం అమ్మ అదే డబ్బాని టీవీకి తగిలించి చూస్తుంది. డీ525 చెల్లెలి ఇంటికి వెళ్లింది, అక్కడ ఆ ఫైళ్ల రెండో ప్రతి దాచిపెడుతోంది. పడక గది అలమరలో చప్పుడు లేకుండా ఉంటుంది, దానికి అదే సరైన చోటు.

ఏది ఉంచుకున్నా పనిలో పెట్టేముందు థర్మల్ పేస్టు, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చేయండి. పాత పేస్టు సున్నంలా ఎండిపోయి ఉంటుంది. బయోస్‌లో (ఆన్ చేయగానే వచ్చే బోర్డు సెట్టింగులు), కరెంటు పోయి వచ్చాక తనంతట తనే ఆన్ అయ్యే ఆప్షన్ పెట్టండి. తర్వాత ప్లగ్గు పీకి, నిమిషం ఆగి మళ్లీ పెట్టి, ఎవరూ బటన్ నొక్కకుండా లేస్తోందో లేదో చూడండి.